పదకొండో కొమ్మ

కౌనస్ శివారు. మే నెల. సన్నటి జల్లు.
కరెంటు తీగకు మీటరు దూరంలో
ఆకన్నది ఉండకూడదని ఆర్డరు.

బకెట్‌లో పైకెళ్ళిన రిమ్విదాస్
పది కొమ్మలు దించాడు.
పదకొండోదాని దగ్గర రంపం గొంతు పడిపోయింది.

"ఏమైంది?" కింద తాడు పట్టుకుని నేను.
నాలుగు వేళ్ళు చూపించాడు,
చివరిది సగం మడిచి.

తల్లిపిట్ట మా హెల్మెట్ల మీద రెట్టలేస్తూ
తిడుతూనే ఉంది.
తిట్టదూ మరి!

ఆపినందుకు కారణం రాయాలి.
"గొలుసు తెగింది" అని రాశాడు.
అబద్ధం అచ్చిరాని మనిషి,
సంతకానికి ముందు
గొలుసు ఊడదీసి, రాతిమీద పెట్టి
సుత్తితో ఒక్కటిచ్చాడు.

ఈలోగా గాలివాన వస్తే
ముందు ఆరేది యద్విగా ముసలమ్మ ఇంటి దీపమే.
వెళ్ళి చెప్పాం.
సొరుగులో కొవ్వొత్తులు లెక్కపెట్టుకుంటూ
"పిల్లలెన్ని?" అంది.

"మూడున్నర," అన్నాడు రిమ్విదాస్.