మూడో చెరువు దగ్గర పియానో

రాత్రి పదకొండున్నర. మోరి దాటాక
చెరువు గట్టు మీద పాకలో
నేనూ, అద్దం పగిలిన ఫోనూ.
ఆరు ఏరేటర్లు ఉప్పునీళ్ళని చిలుకుతూనే ఉన్నాయి.

చెవుల్లో జపాను బొమ్మల కథ.
ఆ భాష రాదు. కింద అక్షరాలు
నేను కూడబలుక్కునేలోపే పారిపోతాయి.
అయినా ఆ పిల్ల రైలు గేటు దగ్గర ఆగి
వెనక్కి చూసినప్పుడు
ఎవరూ ఏమీ అనలేదు గదా,
పియానో మీద నాలుగు మెట్లు,
అంతే.
అయిదోది పడాల్సిన చోట ఖాళీ.

ఆ ఖాళీ నాకు ముందే తెలుసు.

జెకర్యా మావ మోటారు మోత విని
ఏ రెక్కకి నాచు చుట్టుకుందో చెప్పేసేవాడు.
"చెవితో చూడరా" అనేవాడు, బీడీ ఆర్పకుండానే.
శ్రావణంలో, వానలో, తెగిన వైరు
ఆయన చెవికి అందలేదు.

పెట్టె మూసే ముందు పాస్టరు గారు
రెండు నిమిషాలు మౌనం అన్నారు.
కీబోర్డు మీద నా చేతులు మాట వినలేదు.
నాలుగు మెట్లు. ఆగి, మళ్ళీ నాలుగు.
ఎక్కడో సముద్రాలవతల
ఎవరో ఒక బొమ్మపిల్ల కోసం కట్టిన వరస
మా పేట రేకుల కింద
ఫ్యాను గాలికి ఊగుతున్న కాగితపు పూల మధ్య తిరిగింది.
అప్పటిదాకా రాయిలా ఉన్న మార్తమ్మత్త
కొంగు నోట్లో కుక్కుకుంది.

మర్నాడు అడిగింది:
"ఏ కీర్తన్రా అది? పుస్తకంలో నెంబరెంత?"
"నెంబరు లేదత్తా."
కాసేపు నా వేళ్ళ వంక చూసి
"పోనీలే. వచ్చే ఆదివారం కూడా వాయించు" అంది.

ఇదిగో, కరెంటు పోయింది.
ఆరు ఏరేటర్లూ ఒక్కసారే నోరు మూసుకున్నాయి.
కథలో అయితే ఇక్కడ పియానో వస్తుంది.
ఇక్కడ మాత్రం పది నిమిషాలు ఆలస్యమైతే
రొయ్య తేలిపోద్ది.
ఇయర్‌ఫోన్లు పీకి పారేసి
చీకట్లో, బురదలో, జనరేటర్ దాకా పరుగు.
ఒకటి, రెండు, మూడు, నాలుగు
హ్యాండిల్ తిప్పుతున్నాను.

డీజిలింజను అందుకుంది,
ఓ అర మెట్టు తక్కువలో.