పద్నాలుగు అడుగులు

వజరహళ్ళి మెట్రో దిగి
వీపు మీద పరుపు కట్టుకుని నడుస్తుంటే
"ఇల్లు మారుతున్నావా?" అన్నాడు ఇడ్లీ బండాయన.
అవునన్నాను. ఏం చెప్తాం.

తురహళ్ళి అడవిలో, నీలగిరి చెట్ల వెనక,
మేమంతా బర్రె అని పిలుచుకునే బండ.
నిరుడు లద్దాఖ్‌లో ఆరువేల మీటర్లెక్కొచ్చిన చేతన్
దీని మీంచి మూడు ఆదివారాలుగా పడుతున్నాడు.

దారి చెబుతాను:
ఎడమ మడమ పెచ్చు మీద. కుడిచెయ్యి అంచుకి.
ఊపిరి వదిలాక, ముందు కాదు,
వరసగా ఉన్న ఐదు బెజ్జాల్లో మూడోదాంట్లోకి
రెండు వేళ్ళు.
మొదటి రెండూ లోతు లేవు.
ఐదోదాంట్లో వేసవిలో తేలుంటుంది.

అవి వాన తొలిచిన బెజ్జాలు కావు.
మడకశిర నుంచి సుత్తీ ఉలీ మోసుకొచ్చిన
మా తాత ఓబులేసు
బండని చీల్చాలని వరసపెట్టి కొట్టి
ఎందుకో వదిలేశాడు.
కూలి తేలలేదంటుంది అవ్వ.
రాయి మొండిదంటాడు నాన్న.
ఆ పూట వానొచ్చిందేమో, అంతే.

చీలిన బండలు జయనగర్‌లో పునాదులయ్యాయి.
ఆ మేడలు మావాళ్ళెవరూ ఎక్కలేదు.

చేతన్ వేళ్ళు లావు, పట్టవు.
నావి పడతాయి.
సుద్దపొడి ఊదేస్తే అడుగున
ఉలి తిరిగిన గుండ్రం, ఇంకా నున్నగా.

పైనుంచి కనపడేది పెద్దగా ఏమీ లేదు:
నైస్ రోడ్డు, నీళ్ళ ట్యాంకరు,
ఎవరో ఆరేసిన ఎర్ర దుప్పటి.
దిగడానికి వెనకవైపు సులువే.
నేనే కాసేపు దిగను.