కిలోకు ముప్పై రెండు

కొండమల్లేపల్లి అడ్డరోడ్డు కాడ
నా పాతసామాన్ల దుకాణంల
తుప్పు వట్టిన సైకిల్ రిమ్ముల కింద దొరికింది.
జానెడు ఇనుము. కొసకు చిలుకముక్కు వంపు.
తుమ్మకర్ర పిడి, పిడి కింద ఒక బెజ్జం.
ఏ సంచిల వచ్చిందో, ఎవలు తెచ్చిండ్రో,
కాంటా బరువు చెప్తది గని ఊరు చెప్పదు.

ముందుగాల పర్వతాలు పట్టుకున్నడు.
గొర్ల గిట్టలు గీకేదేమో అంటే
"మా మందల నేనెన్నడు చూడలే,
తాళ్ళెక్కెటోళ్ళు మోకుకు తగిలిచ్చేదేమో" అన్నడు.

ఇద్దయ్య మోకు భుజాన ఉండంగనే
తిప్పి తిప్పి చూసిండు.
"దీన్ని నమ్ముకొని తాడెక్కితే
మా ఇంటిది బొట్టు తుడుచుకోవాలె."
నవ్విండు. "తోలు పనోళ్ళది గావచ్చు."

జంగయ్య నవ్వలేదు.
కండ్లు మూసుకొని బొటనవేలుతోటి ముక్కు తడిమిండు.
"ఇంత మొద్దుది తోలును కుట్టదు, చింపుతది."
శానసేపు చేతిలనే ఉంచుకున్నడు.
ఇచ్చుకుంట ఇచ్చుకుంట అన్నడు:
"మీదేనేమో చూస్కో.
మీ తాత లాలయ్య దూది ఏకెటోడు గద,
వింటికి నరం బిగియ్యనీకి గిసొంటిదేదో ఉండె."

నా దుకాణంల అందరి పనిముట్లు ఉన్నయి.
ఇరిగిన నాగటి కర్రు, చిల్లువడ్డ గంగాళం,
కాలిపోయిన నాలుగు బోరు మోటర్లు.
ఇనుమేదో బీడేదో కండ్లు మూసుకొని
చప్పుడుతోటి చెప్త.
గని జంగయ్య అన్నదానికి
అవును అనలేకపోయిన, కాదు అనలేకపోయిన.

తాత వింటి చప్పుడు యాదికున్నది,
గల్లీ మొగదాంక వినొచ్చేది.
కనుబొమ్మల నిండ దూది వడి
నలభై ఏండ్లకే ముసలోని లెక్క కనవడేది.
చేతులు యాదికి లెవ్వు.
ఏ చేత విల్లు పట్టిండో, ఏ చేత కొట్టిండో.
ఎదురుంగ కూసొని
నేను ఎగిరే దూదినే చూసిన.

పిడి పట్టుకున్న.
అరిగిన గుంత నా బొటనవేలుకు కుదరలే.
ఎడమచేతికి మార్చిన.
కొంచెం కుదిరినట్టే అనిపిచ్చింది.
అనిపిచ్చుడుకేంది, అన్నీ అనిపిస్తయి.

కాంటల ఏసిన: రెండువందల నలభై గ్రాములు.
ఏడు రూపాయల చిల్లర.
తీసి పక్కకు వెట్టిన.

మూడోనాడు మా రేష్మ
దాని బెజ్జంల వైరు గుచ్చి
బొంగుకట్టె కొసకు కట్టింది.
రోజూ పొద్దుమీకి
దానితోనే షట్టరు కిందికి గుంజుతది.
ఇదేంది బిడ్డా అని ఎవలన్న అడిగితే
"షట్టరు గుంజేది" అంటది,
గింత సుత తెల్వదా అన్నట్టు.