పంటు మీద పన్ను

పగలంతా నా చేతుల్లో కొబ్బరి పీచు.
సాయంత్రం సబ్బుతో రెండుసార్లు రుద్దుకున్నా
గోళ్ల కింద ఇంకా అంబాజీపేట మిగిలే ఉంటుంది.
మూడోసారి కూడా రుద్ది, అప్పుడు
దీవెన బ్రష్షుని వేణ్ణీళ్లలో నానబెడతాను.
దువ్వెన అక్కర్లేని తల ఒళ్లో పెట్టుకుని
సెల్లు లైటు నోట్లోకి వేస్తాను.
చిగురు ఎర్రబడితే ఒక భయం.
తెల్ల మచ్చ కనబడితే ఇంకో భయం.

మా అత్త సువార్తమ్మ కచ్చికతో తోముకుని
డెబ్బయ్యేళ్లకీ చెరుకు చీలుస్తుంది.
ఉప్పునీళ్లు పుక్కిలించమనడానికి
కాకినాడ డాక్టరు కావాలా, అంటుంది.
అంటూనే నీళ్లు కాచి చల్లారుస్తుంది,
చిటికెడా రెండా అని అడుగుతుంది.
జంతికల డబ్బా అటకెక్కించింది కూడా ఆవిడే.

మందు ఎక్కించిన వారానికి
కింది పన్ను ఊగడం మొదలెట్టింది.
బళ్లో దీని ఈడు పిల్లలందరికీ
కిటికీలు తెరుచుకున్నాయిట.
దారం కట్టి లాగెయ్యమ్మా, అంటుంది.
పళ్ల డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది:
లాగొద్దు. రక్తంలో కణాలు లెక్కకి రానీ.
పాలపన్ను ఊడితే సంబరపడాల్సిన దాన్ని,
ఇంకొన్నాళ్లుండవే తల్లీ అని
పన్నుని బతిమాలుకున్నాను.

అది వినలేదు.
ముక్తేశ్వరం రేవులో పంటు కదిలింది.
చేపల బుట్టలకి దూరంగా,
మోటారు సైకిళ్ల మధ్య నిలబడ్డామో లేదో
మాస్కు వెనక నాలుక దేన్నో తిరగేసింది.
అమ్మా, అంది.
అరచేతిలో వడ్లగింజంత.
మాస్కు మీద ఎర్రగా.

సంచిలో గాజుగుడ్డ ఉంది, మడిచి పెట్టాను.
గట్టిగా కొరుకు. మాట్లాడకు.
ఏమైందమ్మా అని సరంగు నూకరాజు కేకేశాడు.
నాకు జవాబు రాలేదు.
ఎన్నిసార్లు దాటానో ఈ గోదారి,
ఎప్పుడూ ఇంత వెడల్పు లేదు.
ఒకటి నుంచి అరవై. మళ్లీ ఒకటి.
ఎన్ని అరవైలో మర్చిపోయి, మళ్లీ మొదట్నించి.

కోటిపల్లి మెట్లు కనబడ్డాక గుడ్డ తీశాను.
గులాబీ రంగు.
ఇంకో గుడ్డ పెట్టి తీశాను. దాదాపు తెలుపు.

ఇంటి కప్పు మీదకి విసరాలి కదా,
ఇక్కడ కప్పేదీ అని
రెండు చేతులూ ఆకాశం కేసి చాపి సైగ చేస్తోంది పిల్ల.
మాట్లాడనివ్వలేదు ఇంకా.
పన్నుని గాజుగుడ్డలో చుట్టి జాకెట్లో దోపుకున్నాను.
ముందు డాక్టరమ్మకి చూపించాలి,
అదే ఊడిందండీ అని,
నేను లాగలేదని.