అరువు పాదాలు

జిగణిలో రాళ్ళ యార్డుకి
మిట్టమధ్యాహ్నం వస్తానంటే
మునియెల్లప్ప ఫోన్లో నవ్వాడు.
"పొద్దునపూట రాండమ్మా, ఎండకి కండ్లు జిగేలంటాయి,
రాయి రంగు తెలీదు."
కళ్ళతో చూడ్డానికి కాదులే అన్నాను.

ఒకదానికొకటి వీపులు ఆనించుకుని నిలబడ్డాయి పలకలు.
కడప నలుపు, తాండూరు పసుపు,
బేతంచెర్ల నుంచి ఆ తెల్లారే దిగిన బూడిదరంగు,
ఎక్కడో రాజస్థాన్ ఇసుకరాయి, కోసిన బెల్లం అచ్చులా.
ఒక్కోదాని మీదా చెంబెడు నీళ్ళు గుమ్మరించి
"తడిస్తేనే రాయి నిజం చెప్పేది" అన్నాడు.
నలుపు నిగనిగమంది.
పసుపులో ఆకు ఈనెల్లాంటి గీతలు తేలాయి.
నాణెంతో కొట్టి వినిపించాడు,
ఖంగుమంటే గట్టిది, బద్దమంటే లోపల పగులు.

నేను చెప్పులు విప్పాను.

కడప బండ మీద మూడు లెక్కపెట్టేలోగా దిగిపోయాను.
బేతంచెర్ల మీద అయిదు.
తాండూరు మీద ఏడు, కానీ తడికి మడమ సర్రుమంది.
ఇసుకరాయి పన్నెండు దాకా ఓర్చింది,
దాని గరుకు మాత్రం పిల్లి నాలుకలా గీరింది.
యార్డు కుర్రాడు గొడుగు పట్టుకొచ్చి
"మొక్కుబడా అమ్మా?" అని అడిగాడు, పాపం.

మా ఆయన వేళ్ళు
ముప్పై ఏళ్ళు చేతిగడియారాల్లో
వెంట్రుకంత స్ప్రింగుల్ని కూర్చోబెట్టాయి.
వేళ్ళకింకా అన్నీ తెలుసు.
చక్కెర జబ్బు ముదిరాక
పాదాలకే కబురు అందడం మానేసింది.
పోయిన మార్చిలో పెరటి నల్లబండ మీద నిలబడి
కరివేపాకు చెట్టుకి తీరిగ్గా పైపు పట్టాడు.
చిగుళ్ళు బాగున్నాయన్నాడు.
రాత్రి కాళ్ళు తుడుస్తూ నేను చూశాను,
అరికాళ్ళ నిండా బొబ్బలు.
వాటికేసి, ఎవరివో అన్నట్టు చూశాడు.
చెప్పులేసుకోమంటే, మొక్కల్లోకి చెప్పులేమిటంటాడు.

నలుపు కాలుస్తుంది. నునుపు వానలో పడేస్తుంది.
గరుకు గీరితే
ఆయన కన్నా ముందు చీమలకి తెలుస్తుంది.

అడుగు ధర చెప్పి చెప్పి విసుగెత్తి
"ఎట్లాంటి రాయి కావాల మీకు?" అన్నాడు మునియెల్లప్ప.
ఏం చెప్పను?
నొప్పి తెలియని వాడికి నొప్పి పెట్టని రాయి
ఏ గనిలో తీస్తారు?

కాంటా పక్కన పడున్నాయి
మల్లేశ్వరంలో ఏదో ఇల్లు కూలిస్తే వచ్చిన మెట్లు.
సాదరహళ్ళి రాయి, పావురం మెడ కింది రంగు.
ఉలి గాట్లు అంచుల్లోనే మిగిలాయి.
నడుమ కొంచెం పల్లం.
పాలవాడు, పోస్టుమాను, కొత్తకోడళ్ళు,
ఆలస్యమై పిల్లిలా ఇల్లు చేరినవాళ్ళు,
వాళ్ళంతా ఎక్కీ దిగీ అరగదీసిన పల్లం.
ఎక్కి నిలబడ్డాను.
పది. ఇరవై.
వేడి లేదని కాదు, అడిగి వచ్చినట్టుంది.
నలభై దగ్గర లెక్క మరిచిపోయాను.

"అవి అమ్మేవి కాదమ్మా, లారీ ఎక్కను వేసుకున్యాం."
అమ్మనన్న దాని ధర ఎలా ఉంటుందో తెలిసిందే.
టెంపో బాడుగ వేరే.

పదకొండు రాళ్ళు వచ్చాయి.
గుమ్మం నుంచి కరివేపాకు దాకా
ఆయన అడుగులు పదమూడు.
ఆ రెండు చోట్లా గరిక నాటాం.
సందుల్లో సిమెంటు పోస్తానన్న మేస్త్రీని ఆపాను,
నీళ్ళు ఇంకాలి కదా.

ఇప్పుడు రోజూ రెండింటికి
మొదటి రాయి మీద నిలబడి
వంటింటి కిటికీకేసి కేకేస్తాడు,
"ఏమే, వేడిగా ఉందా?"
తడి చేతులతోనే వెళ్ళి పక్కన నిలబడతాను.
ఒక్కోసారి వెంటనే తెలిసిపోతుంది.
అయినా, "ఉండండి, ఇంకా తెలియడం లేదు" అంటాను.