సెకనున్నర

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు మీద
రేకుల గది మా రింగు.
కింద వెల్డింగు మెరిసినప్పుడల్లా
మాకంటే ముందు మా నీడలు గుద్దుకునేవి.
ఇసకా చింకిగుడ్డలూ కూరిన లారీ ట్యూబు
దూలానికి వేలాడేది, దానికే మా కోపాలన్నీ.

జోజిబాబు మాస్టారు వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరు.
ఒంటిని కూడా ఇంజను విప్పినట్టే విప్పి చెప్పేవాడు.

"ముక్కు మీద పడితే నీళ్లొస్తాయి.
అది ఏడుపు కాదు, ఉల్లిపాయ.
తుడవకు.
తుడిచే చెయ్యి కాపలా వదిలేసిన చెయ్యి.

గడ్డం మీద పడితే నొప్పే ఉండదు,
కరెంటు పోతుంది, అంతే.
నువ్వెక్కడున్నావో పక్కవాళ్లు చెప్పాలి.
అందుకే మెడ కింద నిమ్మకాయ ఇరికించుకున్నట్టుండు."

నిజంగానే ఇరికించేవాడు.
గంటయ్యాక ఆ కాయలే పిండి షోడా కలిపేవాడు.
ఉప్పు వేసేవాడు కాదు. మా చెమటే చాలనేవాడు.

"పొట్ట మీదకొస్తే, తగిలే క్షణానికి
హుస్సుమని ఊపిరి వదిలెయ్.
ఊపిరి బిగబట్టిన ఒళ్లు బెలూను,
వదిలి బిగించిన ఒళ్లు చెక్క.
కనపడ్డ గుద్దు సగం గుద్దే.
కళ్లు మూశావా, మిగతా సగం నువ్విచ్చుకున్నదే."

చివరికి రెండు వేళ్లు తెచ్చి
తన కుడి పక్కటెముకల అంచు కింద ఆనించుకున్నాడు.

"ఇది కార్జం.
ఎన్ని గుంజీలు తీసినా దీని మీదకి కండ రాదు.
మోచెయ్యొక్కటే తలుపు.
ఇక్కడ తగిలితే సెకనున్నర ఏమీ తెలీదు.
ఆ తర్వాత బుర్ర లెమ్మంటూనే ఉంటుంది,
మోకాళ్లు వినవు."

"మరేం చెయ్యాలి మాస్టారూ?"

"ఆ సెకనున్నరలోనే
ఎదుటిదాన్ని కావిలించుకో.
ఎదుటిదానివి నువ్వైతే
అందకు."

యాభై నాలుగు కిలోల్లో ఒకటే చోటు.
వించిపేట హఫీజున్, నేను.
ఒకే సైకిలు మీద వచ్చేవాళ్లం,
ఏలూరు రోడ్డు ఎత్తు దగ్గర దిగి చెరో పక్కా తోసుకుంటూ.
ఆ సాయంత్రం కరెంటు లేదు. రేకులు కాలుతున్నాయి.
మూడో రౌండులో అది కుడిచెయ్యి విసిరింది,
మోచెయ్యి లేచింది,
నాలుగు వేళ్ల మందం.

నా ఎడమచెయ్యి నన్నడగలేదు.

తడిసిన గోతాం గచ్చు మీద దించిన చప్పుడు.

హఫీజున్ నవ్వింది.
పళ్ల తొడుగు తెల్లగా కనపడేలా,
"ఇంతేనా సలోమీ" అన్నట్టు.

నాకు తెలుసు, దానికింకా తెలీదు.
కింద ఎవడో లారీ హారన్ సరిచూస్తున్నాడు.
అది ఒకడుగు ముందుకొచ్చింది,
రెండు చేతులూ తెరుచుకుని.
కొట్టడానికో, పట్టుకోవడానికో
ఇప్పటికీ అడగలేదు.

నేను వెనక్కి జరిగాను.
నేర్పినట్టే.

మడతమంచం మడిచినట్టు మడుచుకుపోయింది.
కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి, నా బూట్ల వైపు.
మాస్టారు పది లెక్కపెట్టాడు.
నేను అంతకుముందే లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

మొహం కడుక్కుని వచ్చి "బాగా వేశావే" అంది.
షోడా సగం తాగి సగం నాకిచ్చింది.
మర్నాడు సైకిలు తీసుకురాలేదు.

నేను సెలక్షన్‌కి వెళ్లాను. రెండో ఆటలోనే ముక్కు చిట్లించుకుని వచ్చాను.
తుడుచుకోలేదు.

ఇప్పుడా గదిలో నేనే నేర్పుతున్నాను.
రేకులు మార్చారు, నిమ్మకాయలు అవే ధరకి రావు.
నిన్న ఒక పిల్ల, పన్నెండేళ్లుంటాయేమో, అడిగింది:
"అక్కా, అన్నిటికంటే ఎక్కడ నొప్పి?"
ముక్కు గురించి చెప్పాను, గడ్డం చెప్పాను,
రెండు వేళ్లతో దాని పక్కటెముక కింద తడిమి
"ఇక్కడ" అన్నాను.
అది చక్కిలిగింతలకి నవ్వింది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"మోచెయ్యి దించవే" అన్నాను,
"ముందా మోచెయ్యి దించు."