ముక్క పలుకు

కాశీబుగ్గ రైల్వే గేటుకి ఇవతల
రేకుల షెడ్డు.
కాలితో తొక్కితే కత్తి దిగుతుంది,
జీడిపిక్క రెండుగా విడుతుంది.
లోపలి పలుకు విరక్కుండా రావాలి.
గుండుకొక ధర, బద్దకొక ధర,
ముక్కకి
మేస్త్రీ వైకుంఠం మొహం చిట్లించే ధర.

నా పేరు ఢిల్లేశ్వరి.
రేషను కార్డులో ముప్పై ఆరు,
అమ్మ లెక్కలో ఏదో తుఫానుకి ముందు పుట్టిన ముప్పై తొమ్మిది.
ఏప్రిల్లో ఓపెన్ టెన్త్.
అన్నీ గట్టెక్కాయి, లెక్కలొక్కటే మిగిలింది.

"ఇప్పుడెందుకే గుంటా నీకీ సదువు?
పాసైతే ఏటి, కలెక్టరు సేత్తారా?"
పక్క మిషను పోలమ్మప్ప.
ఆవిడకి చెప్పలేదు:
తొమ్మిదో తరగతిలో ఒక మధ్యాహ్నం
పండా మాస్టారు బోర్డు మీద లెక్క సగం చేశారు.
గుమ్మంలో మావయ్య.
బట్టీలో మనిషి తక్కువయింది, పిల్లని పంపమన్నాడు.
సంచీ తీసుకుని లేచాను.
ఆ సమానం గుర్తు తర్వాత ఏముందో
ఈరోజుకీ నాకు తెలీదు.

రాత్రి ఎనిమిదికి పుస్తకం తెరుస్తాను.
తెరిచానని వీధి వీధికీ ఎవరు చాటుతారో!
పొదుపు గ్రూపు లీడరు వాకిట్లోంచే "వాయిదా" అంటుంది.
అత్తకి అప్పుడే నడుం పట్టేస్తుంది.
చిన్నోడి చొక్కాకి బొత్తాం ఊడుతుంది.
కరెంటు పోతుంది, వస్తుంది,
వచ్చానని చెప్పడానికి మళ్ళీ పోతుంది.
ఇవన్నీ పైవాళ్ళు.
ఇంటిదొంగ ఫోను.
ఇచ్ఛాపురం నుంచి ఒకావిడ చీరలు చూపిస్తుంటుంది,
ఒక్కటే చూద్దామని కూర్చుంటాను,
నలభై చూసి లేస్తాను.
ఒక్కటీ కొనను.
ఎక్స్ విలువ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

నాకొక గుండు గంట కావాలనుకునేదాన్ని.
విరగని గంట, పొట్టు తీసిన తెల్లటి గంట.
దసరా వెళ్ళాక దొరుకుతుందనుకున్నాను,
అత్త నడుం తగ్గాక,
వానలు తగ్గాక.
అట్ట మీద జీడి మరక మాత్రం పెరిగింది.

ఒక శనివారం తూకం దగ్గర
వైకుంఠం నా ముక్కలన్నీ ఒక డబ్బాలో పోశాడు.
పారెయ్యలేదు. తూచాడు.
"మిఠాయోలకి ఇయ్యే కావాల" అన్నాడు.
డబ్బా నిండింది.
ముల్లు కదిలింది.

ఆ రాత్రి నుంచి
గంజి వార్చేలోపు ఒక వరస,
కుళాయి కింద బిందె నిండేలోపు ఒక సూత్రం.
బిందె పొర్లిపోయింది,
సూత్రం పొర్లలేదు.
షెడ్డులో నా మిషనుకి ఎదురుగా
గోడ మీద బొగ్గుతో రాసుకున్నాను.
మేస్త్రీ చూశాడు, చెరిపెయ్యమనలేదు.
"ఎక్సు నెత్తి మీద ఆ సిన్న రెండు ఏటి?" అన్నాడు.
అతనికి చెప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది.
నాకు అర్థమైందీ ఆ నాలుగు నిమిషాల్లోనే.

అలాగని మారిపోయానని కాదు.
మొన్న చీరలావిడ మళ్ళీ పిలిచింది.
వెళ్ళాను.
పదకొండో చీర దగ్గర వెనక్కొచ్చాను.
నలభైలోంచి పదకొండు పోతే ఇరవై తొమ్మిది.
తీసివేతలు నాకు ముందునుంచీ వచ్చు.

ఇవాళ పొద్దున్న గేటు పడింది.
బొగ్గు గూడ్సు.
ఆటోలో అందరూ తిడుతున్నారు
గేటుని, డ్రైవర్ని, ఎండని.
పోలమ్మప్ప తన మోకాలిని కూడా.
ఎప్పుడూ పెట్టెలు లెక్కపెట్టేదాన్ని,
ఇవాళ ఎన్ని వెళ్ళాయో నన్నడక్కండి.
జీడికి నల్లబడ్డ వేలు కింద
సమానం గుర్తు.
దాని పక్కన ఖాళీ.

గేటు లేచింది.
ఆటో పట్టాల మీద ఎగిరిపడింది,
పెన్సిలు జారి
కాగితం ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక గీత.
చెరపలేదు.
దాని మీదుగానే రాశాను.